వంతెన మీంచి తీసిన ఫొటో

నేను తీసిన ఒక ఫొటో రెండు పత్రికల్లో అచ్చయింది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కుండపోతగా కురిసి మూసీ పొంగినప్పటి ఫొటో అది. మర్నాడు చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడి తీశాను. కింద మట్టిరంగు నీళ్లు. నీళ్లంచున వరసగా ఇళ్ల వెనక గోడలు. ఒక గోడకున్న చిన్న కిటికీలోంచి బయటికి చూస్తున్న ముసలామె.

తెలుగు పత్రికలో దాని కింద 'మూసీని మింగేస్తున్న ఆక్రమణలు' అని పడింది. అదే ఫొటో ఉర్దూ పత్రికలో 'సైలాబ్ కే మారే' అన్న మాటతో వచ్చింది. వరద బాధితులు అని అర్థం. ఫొటో ఒకటే, ఇల్లొకటే, కిటికీలో ముఖమూ ఒకటే. తెలుగులో ఆమె నేరస్తురాలు, ఉర్దూలో అభాగ్యురాలు. రెండింట్లోనూ ఆమెకు పేరు లేదు.

ఆ రెండు భాషలూ నావే. తెలుగు వాక్యం రాసింది ఎవరో డెస్కులో కూచున్నవాళ్లు కాదు, నేనే. చోటు తక్కువుంది, నాలుగు మాటల్లో చెప్పాలి, చేతికి ముందుగా తగిలిన మాట 'ఆక్రమణ'. ఆ మాట అంత తొందరగా నా చేతికెలా తగిలిందన్నదే ఈ వ్యాసం.

మా ఊరు తర్లుపాడు. నల్లమల దాపున, గుంటూరు–నంద్యాల రైలు దారిలో కంభానికీ మార్కాపురం రోడ్డుకూ నడుమ చిన్న స్టేషన్. ఈ సీమనంతా 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉన్నాం. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాలు మారాయి గాని నీళ్లు రాలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన 1996లో నేను బడికెళ్లే పిల్లవాణ్ని. బోర్లలో ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారలు పట్టిన తరం మాది.

ఇంట్లో ఉర్దూ, అరుగు దిగితే తెలుగు. బళ్లో ఎవరికన్నా కోపమొస్తే 'మీ నిజాం' అనేవాళ్లు. ఆ నిజాం మమ్మల్ని రెండొందల ఏళ్ల కిందటే వదిలించుకున్నాడని చెప్పేంత చరిత్ర నాకప్పుడు తెలీదు. బీఏ అయ్యాక పొట్టచేత పట్టుకుని హైదరాబాదు వెళ్తే అక్కడి మనవాళ్లు నా ఉర్దూ విని నవ్వారు. 'ఆంధ్రావాలే' అన్నారు. తర్లుపాడులో నిజాం మనిషిని, నిజాం ఊళ్లో ఆంధ్రా మనిషిని. ఇదేమంత కొత్త సంగతి కాదు. ఈ పుస్తకంలో రాస్తున్న చాలామందికి ఇలాంటి కథే ఒకటుంటుంది. నాకు మాత్రం ఆ కథలో ఒక నది అడ్డం పడింది.

మా నానీ వాళ్ల ఊరు గుండ్లకమ్మ ఒడ్డున. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి వచ్చే ఏరది. ఎండాకాలం దాన్ని నది అంటే నమ్మరు. ఇసక, ఇసక మీద మేక పెంటికలు, జిల్లేడు చెట్లు. నానీ ఆ ఇసకలో కూచుని చేతుల్తో చెలమ తవ్వేది. ఊరిన నీళ్లు మొదట రెండుసార్లు తోడి పారబోసేది. మూడోసారికి తేటపడితే ముంతతో తోడి, బిందె మూతికి కట్టిన గుడ్డలోంచి వంచేది. పక్క చెలమ దగ్గర రెడ్లావిడ, ఆ పైన మాదిగపేట ఆడవాళ్లు. ఎవరి చెలమ వారిదేనని చెప్పకుండా ఉండను. ఏరు అందరిదీ అయినా చెలమకు కులముండేది. అయితే అక్కడ ఏటిని పైనుంచి చూసినవాళ్లు ఎవరూ లేరు. వంగి, మోకాళ్ల మీద కూచుని, మొహం దగ్గరపెట్టి చూడాల్సిందే. పీర్ల పండగ ఆఖరి రోజున పీర్లను ఆ ఏటికే తీసుకెళ్లేవాళ్లు. మోసేవాళ్లలో సాయిబులకంటే మిగతా కులాలవాళ్లే ఎక్కువ.

అలాంటి ఏటి నుంచి వచ్చినవాణ్ని నేను. మార్కాపురం నుంచి శ్రీశైలం మీదుగా రాత్రి బస్సెక్కి తెల్లవారి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగాను. మా పశ్చిమ ప్రకాశం నుంచి తాపీపనికి, సెంట్రింగు పనికి, వాచ్‌మన్ పనికి వలసొచ్చిన వేలమంది దిగింది కూడా అక్కడే. ఇమ్లీబన్‌లో, మూసీ గర్భంలోని లంక మీద 1994లో తెరిచిన బస్‌స్టేషన్ అది. అంటే కరువుసీమ నుంచి వచ్చిన మేమంతా హైదరాబాదులో తొలి అడుగు పెట్టింది నది మధ్యలో. ఆ సంగతి చాలా ఏళ్లు నాకు తెలీదు. బస్‌స్టేషన్‌ను ఎవరూ ఆక్రమణ అనరు కనక తెలిసే దారి లేదు.

జర్నలిస్టునై మూసీ మీద రాయాల్సి వచ్చినప్పుడు పాత ఫొటోలు వెతికాను. హైదరాబాదు ఫొటోగ్రఫీ అనగానే గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరు కొలువు నుంచి ఇటు వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైనవాడు. నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. దర్బార్లు, మహళ్లు, పులివేటలు తీశాడు. ఘోషా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో జనానా స్టూడియో కూడా పెట్టాడు. ఫొటో తీయించుకునే స్తోమత ఉన్న బేగములకు పర్దా కూడా దొరికింది. నది ఒడ్డున బట్టలుతికే ఆడమనిషి పర్దా సంగతి ఏ కెమెరాకూ పట్టలేదు.

ఇంకో సంగతుంది, అది సాంకేతికమైంది. ఫొటోగ్రఫీ తొలిరోజుల్లో గాజుపలక మీద బొమ్మ పడటానికి కదలకుండా చాలాసేపు ఉండాలి. కదలనివి స్పష్టంగా పడేవి. కోట, మసీదు, వంతెన, కుర్చీలో బిగదీసుక్కూచున్న నవాబు. కదిలేవి మసకబారేవి, లేదా మాయమయ్యేవి. నీళ్లు తెల్లటి పాలమీగడలా పరుచుకునేవి. గేదెలు, చాకలి బండల దగ్గర వంగి లేచే మనుషులు, తలమీద మోపులతో నీళ్లు దాటేవాళ్లు పొగలా మిగిలేవాళ్లు. ఎవరో కుట్రచేసి తీసేయలేదు. కెమెరా పనితనమే అలాంటిది. కానీ అలా తయారైన బొమ్మే నదికి అందమైన బొమ్మ అని మన కళ్లకు అలవాటైపోయింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపుల్, దాని కింద నునుపైన నీళ్లు, మనుషులు లేని ఒడ్డు. కెమెరాలు మారి, సెకనులో వెయ్యో వంతులో బొమ్మ పడే రోజులొచ్చాయి. మన కన్ను మాత్రం ఆ పాత గాజుపలక దగ్గరే ఆగింది.

మూసీ ఫొటోల్లో మనుషులు గుంపులుగా కనబడేది 1908 తర్వాత. ఆ ఏడు సెప్టెంబరు 28న వచ్చిన వరద సుమారు 15 వేలమందిని పొట్టన పెట్టుకుందని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్లనూ కలుపుతూ పురానాపుల్ ఒక్కటే మిగిలింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఇప్పటికీ ఉంది. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. నిజాం నదికి హారతిపట్టి చీరె సమర్పించాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వరద తర్వాతి ఫొటోలు మిగిలే ఉన్నాయి. కూలిన వంతెనలు, ఇటుకల కుప్పలు, ఆ కుప్పల మధ్య నిలబడి కెమెరావైపు చూస్తున్న జనం. 1910 జనవరిలో పారిస్‌లో సేన్ నది పొంగినప్పుడు కూడా ఇలాగే ఫొటోలు తీశారు. పోస్టుకార్డులుగా అచ్చేసి అమ్మారు. వరదొస్తే తప్ప పేదవాడు ఫొటోలోకి రాడన్నది ఒక్క మన ఊరి సంగతే కాదన్నమాట. వచ్చినా గుంపుగా వస్తాడు. భవనాలకు పేర్లుంటాయి, వంతెనలకు పేర్లుంటాయి, మనుషులకు అంకెలుంటాయి.

ఆ వరదను నది చేసిన ఘోరం అనుకుంటే పొరపాటు. 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీశాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుండగా 221 తెగాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, ఆ రెండూ కలిసి మూడోదాని మీద పడటం. చెరువు కట్టంటే ఏమిటో కంభం చెరువు చూసి పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విజయనగరం కాలం నుంచి గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల్ని కలిపి నిలబడ్డ కట్ట అది. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల జాబితాలోకీ ఎక్కింది. మా వైపు వానాకాలంలో కట్టమీద కాపలా పడుకునేవాళ్ల గురించి కథలుకథలుగా చెప్పుకుంటారు. నది క్షేమం నదిలో ఉండదు, పైనున్న చెరువుల్లో ఉంటుంది. ఈ సంగతి వంతెన మీంచి తీసిన ఏ ఫొటోలోనూ కనబడదు. 1908 తర్వాత నూరేళ్లలో హైదరాబాదు చుట్టూ చెరువులు పూడ్చి కాలనీలు, కంపెనీలు కట్టినప్పుడు ఆ బొమ్మల్ని ఎవరూ మూసీ ఫొటోలనుకోలేదు.

విశ్వేశ్వరయ్య పథకం ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి ఆధ్వర్యంలో ఒడ్లకు రాతిగోడలు, తోటలు వచ్చాయి. నదివైపు ముఖం పెట్టి హైకోర్టు లేచింది. ఎదురొడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఈ నగరం మూసీకి ఎదురుగా నిలబడి ఫొటో దిగింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత వెనక్కి తిరిగింది. మురుగు కాలవలన్నీ మూసీలోకి మళ్లాయి. ఫ్యాక్టరీల రసాయనాలు కలిశాయి. పైన రెండు జలాశయాలు మంచినీళ్లు పట్టుకుంటే, ఊళ్లోకొచ్చే మూసీలో వానాకాలం తప్ప పారేది ఊరి మురుగే. దిగువన ఆ నీళ్లతోనే గేదెల గడ్డి పండింది, వరి పండింది. ఆ పాలు నగరమే తాగింది. కంపు మాత్రం ఒడ్డునున్నవాడి ఖాతాలో రాశారు.

ఒడ్డున ఎవరున్నారు? చాకళ్లు, గడ్డి కోసేవాళ్లు, పాత ఇనుము ఏరేవాళ్లు, ఆటోవాలాలు, పాలమూరు నుంచీ మా ప్రకాశం నుంచీ వలసొచ్చిన కూలీలు. చాదర్‌ఘాట్ దగ్గర బస్తీల పేర్లు చూడండి: మూసానగర్, శంకర్‌నగర్. రెండూ పక్కపక్కనే. నది పేరులోనూ ఇదే కథ. ముచుకుంద అన్నది పురాణం పేరు. మూసా, ఈసా అన్న ఇద్దరు పైగంబర్ల పేర్లతో మూసీ, ఈసీ అయ్యాయని మనవాళ్లు చెప్పుకుంటారు. ఏది ముందో తేల్చడానికి ఈ మధ్య చాలామంది తయారయ్యారు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా నది ఏ పేరుకూ పలకదు. అషూరా నాడు దబీర్‌పురా నుంచి బయల్దేరిన బీబీకా ఆలం ఊరేగింపు చాదర్‌ఘాట్‌లో ముగుస్తుంది. పాతబస్తీ బోనాల ఘటాలు నయాపుల్ దగ్గర మూసీకే చేరతాయి. రెంటికీ ఏనుగు ఉంటుంది. మా పత్రికలవాళ్లం ఆ రెండు రోజులూ ఏనుగు ఫొటో తీసుకుని వచ్చేస్తాం. ఏనుగు ఎటు నడిచిందో, ఆ ఒడ్డు ఎవరిదో అడగం. నానీ ఊళ్లో పీర్లు ఏటికెళ్లడం చూసినవాణ్ని, నేనూ అడగలేదు.

పత్రికల్లో పాతబస్తీ ఫొటోకు కొన్ని లెక్కలుంటాయి. బురఖా ఉండాలి, ఇరుకు సందు ఉండాలి, కర్ఫ్యూ రోజైతే మూసిన షట్టర్లుండాలి. మూసీ ఫొటోకు నల్లనీళ్లు, ప్లాస్టిక్కు, వెనకాల రేకుల ఇళ్లు. ఈ రెండు అలవాట్లూ కలిసేచోట మూసానగర్ ఉంది. మురికి, ముస్లిం, అక్రమం అన్న మూడు మాటలు విడివిడిగా ఎవరూ చెప్పకపోయినా ఒకే చట్రంలో ఇమిడిపోతాయి. నా చేతికి 'ఆక్రమణ' అన్న మాట అంత సులువుగా తగలడానికి కారణం అదే. ముస్లింనై ఉండీ అలా రాశావా అని అడిగారు కొందరు. రాశాను. కెమెరా వెనకాల నిలబడ్డప్పుడు నేను ముస్లింని కాను, వంతెన మీదివాణ్ని.

నదిని బాగుచేస్తామన్న ప్రతిసారీ ముందు ఒక బొమ్మ వస్తుంది. 1990ల చివర్లో 'నందనవనం' అన్నారు. పేరులోనే బొమ్మ ఉంది. ఒడ్డునున్న బస్తీలను ఎత్తి ఊరవతల వేయాలనుకున్నారు. కొందర్ని వేశారు కూడా. నందనవనం మాత్రం మొలవలేదు. అహ్మదాబాదులో 2012లో తెరిచిన సాబర్మతి తీరం ఫొటోలు దేశమంతా తిరిగాయి. అక్కడి ఒడ్డునుంచి లేచిపోయిన వేల కుటుంబాల్లో ముస్లింలెందరో, దళితులెందరో ఆ ఫొటోల్లో కనబడదు. 2024 అక్టోబరులో మన మంత్రులు, అధికారులు సియోల్ వెళ్లి అక్కడి నదిని చూసొచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే మూసీ గర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పడ్డాయి. చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూలాయి. కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు.

ఆ ఎర్ర గుర్తులప్పుడే నేను మళ్లీ వెళ్లాను. ఈసారి వంతెన ఎక్కలేదు. సందులోంచి వెళ్లాను. నాలుగేళ్ల కిందట నా ఫొటోలో కిటికీలోంచి చూసినామెను వెతుక్కుంటూ అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. గుమ్మానికి నీలంరంగు, పక్కన డబ్బాల్లో పుదీనా, కరేపాకు మొక్క. గుమ్మం పక్కనే ఎర్ర గుర్తు. నా ఫోన్లో ఆ పాత ఫొటో చూపించాను. కింద ఏం రాసిందీ చెప్పాను. రాసింది నేనేనని కూడా చెప్పాను. ఖాలా చాలాసేపు చూసింది.

"పీఠ్ కా ఫొటో లియే బాబా, మూ ఇధర్ హై" అంది. వీపు ఫొటో తీశావు నాయనా, మొహం ఇటుంది అని.

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. మూసీవైపున్నవి ఇళ్ల వెనకభాగాలు. అటువైపు పాయిఖానా గొట్టాలు, ఆరేసిన బట్టలు, పారేసిన చెత్త. గుమ్మాలు, ముగ్గులు, 'మాషా అల్లా' అని రాసిన పలకలు, మొక్కలు, పిల్లలు సందువైపున్నారు. వంతెన మీంచి తీస్తే ఎవరిల్లయినా అలాగే ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో ఇల్లు కూడా వెనక్కెళ్లి తీస్తే గొట్టాలే కనబడతాయి. అక్కడ వెనక్కి ఎవర్నీ రానివ్వరు, అంతే తేడా.

ఖాలా నదిని వెనకేసుకు రాలేదు. 2000 ఆగస్టులో వరదొచ్చి పెట్టె కొట్టుకుపోయిందని, 2020లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నా సరిపోలేదని చెప్పింది. దోమలు, కంపు, పిల్లల దగ్గులు అన్నీ చెప్పింది. పొమ్మంటే పోతానంది. కొడుకు ఆటో గిరాకీ ఇక్కడుంది, కోడలు పనిచేసే ఇళ్లు ఇక్కడున్నాయి, మనవడి బడి ఇక్కడుంది. దగ్గర్లో ఇస్తే ఈ రాత్రికే పోతానంది. "మేం పోతే నది మంచిదవుతుందా?" అని అడిగింది. పైనుంచి వచ్చే మురుగు గురించి అడుగుతోందని తెలుసు. నా దగ్గర జవాబు లేదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకున్నప్పుడు ఆ ప్రశ్న నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఆ రాత్రి ఫొటోల కింద ఎవరూ 'మూసీని మింగిన బస్‌స్టేషన్' అని రాయలేదు.

ప్రకృతిని కాపాడాలనేవాళ్లతో నాకు తగాదా లేదు. నీళ్ల విలువ తర్లుపాడువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే నది అంటే మనుషుల్ని తుడిచేసిన నీళ్లు అనుకునే చూపుతోనే నా తగాదా. ఆ చూపు పాత గాజుపలక నుంచి వచ్చింది. నగరం నుంచి పేదల్ని తీసేస్తే మిగిలేది ప్రకృతి అని అది చెబుతుంది. గుండ్లకమ్మ ఇసకలో కూచున్న నానీని తీసేస్తే చెలమ ఉండదు, ఒట్టి ఇసకే ఉంటుంది.

ఆ రోజు ఖాలా గుమ్మం ముందు నిలబడింది. కొంగు సవరించుకుని, మనవణ్ని పక్కన నిలబెట్టుకుని, తీయమంది. తీశాను. ఆ ఫొటో ఇక్కడ వేయడంలేదు, ఆమె పేరూ రాయడంలేదు. గోడ మీద ఎర్ర గుర్తున్న మనిషి పేరు అచ్చులో పడితే ఏమవుతుందో మైనారిటీ జర్నలిస్టుగా నాకు తెలుసు. ఫొటో కాపీ తీయించి ఆమెకిచ్చాను. వెనక తారీకు వేసి, ఆమె పేరు, భర్త పేరు, గల్లీ పేరు రాశాను. పైన ఉర్దూలో, కింద తెలుగులో. రెండు భాషల్లోనూ ఒకటే మాట రాశాను.